గురవమ్మ బిడ్డ కాలి మువ్వలు

కరుణను కూడా కుంచంతో కొలిచే ఒక రాజ్యంలో, చూపులేని గురవమ్మ ఏడాది బిడ్డను చంకనెత్తుకుని ధాన్యశాలకు వచ్చింది. బిడ్డ ఎటు పాకినా తెలియాలని దాని కాళ్లకు మువ్వలు కట్టింది.

"ఏ పనీ చేయలేనివాళ్లకే రాజుగారి గింజలు," అన్నాడు అధికారి శరభయ్య. "బిడ్డను సాకేదానివి, కూలి చేసుకోలేవా? సాకలేనంటే చెప్పు, బిడ్డను అనాథశాలకు పంపిస్తాం."

గురవమ్మ బిడ్డను దగ్గరకు పొదువుకుంది.

"బిడ్డను చూసుకుంటూ పని చేసుకోవచ్చంటారా, దొరా?"

"ఎందుకు చేసుకోకూడదు?"

ఆమె మువ్వలు విప్పి, బిడ్డను అతని పక్కన దించింది. "మీకు కళ్లున్నాయి, మువ్వలతో పనిలేదు. ఇక మీ పని కానివ్వండి."

శరభయ్య కుంచం అందుకునేలోగా బిడ్డ సిరాబుడ్డి ఒలకబోసి, మెట్ల అంచుకు పాకింది. తలపాగా జారిపోతున్నా పరుగెత్తి పట్టుకుని అరిచాడతను: "దీన్ని కనిపెట్టుకుంటూ నా పనెలా చేసుకోను?"

"చూపులేని నేను మిమ్మల్ని అడగడానికి వచ్చిందీ అదే, దొరా!"

వరసలో నిలబడ్డవాళ్లంతా గొల్లున నవ్వారు. శరభయ్య సిగ్గుతో ఆమె సంచిలో కుంచెడు గింజలు పోయించాడు.

మర్నాడే దండోరా వేశారు: సాయం కోరేవాళ్లు బిడ్డలతో ధాన్యశాల గడప తొక్కరాదు.

గింజలు అయిపోయాక గురవమ్మ మళ్లీ వచ్చింది. బిడ్డను వదిలి రావడానికి ఆమెకు ఎవరున్నారు? ప్రజలంతా రాజుగారి బిడ్డలేనని ధాన్యశాల గుమ్మం మీద చెక్కి ఉంది. వీధి మలుపులో మువ్వల చప్పుడు వినగానే శరభయ్య తలుపులు మూయించాడు.