రెండు గోధుమ ఈకలు, ఒక ఎర్ర ఈక

"మాస్టారూ, ఇద్దరి దగ్గరా మంచిది తీసుకుంటే తప్పేంటండీ?" అని వకుళ అడిగింది.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. పేర్రాజు మాస్టారు అడిగినా పెట్టడు. ఆయన్ని ప్రశ్న అడిగినవాళ్ళు జవాబు కోసం ఎదురుచూడడం మానేసి, ఆయన చెప్పిన పనేదో చేసుకుంటూ పోవాలి. జవాబు ఆ పనిలోనే ఎక్కడో తగులుతుంది. ఒక్కోసారి తగలదు. అప్పుడు మళ్ళీ అడిగే ధైర్యం ఎవరికీ ఉండదు.

జంగారెడ్డిగూడెం అవతల, పొగాకు ఆరబెట్టే బేరన్ల వెనకున్న ఖాళీ నేలలో ఆయన చాలా ఏళ్ళుగా విలువిద్య నేర్పుతున్నాడు. గురి చూసుకునే అద్దాలూ, బరువు కడ్డీలూ తగిలించిన కొత్తరకం విల్లుల జోలికి పోడు. ఆయనది ఉత్త చెక్క విల్లు. కాలంతో రాజీపడింది ఒక్క బాణం దగ్గరే. వెదురు పుల్లలు మాని, పెన్సిలు కంటే సన్నగా ఉండే కార్బన్ బాణాలకు ఒప్పుకున్నాడు. వాటికి ప్లాస్టిక్ రెక్కలు మాత్రం వద్దన్నాడు. ప్లాస్టిక్ ముక్క వింటిని రాసుకుంటే బాణాన్ని పక్కకు నెట్టేస్తుంది. పక్షి ఈకయితే ఒదిగిపోయి, విల్లు దాటాక మళ్ళీ లేచి నిలబడుతుంది. అందుకని టర్కీ కోడి రెక్క ఈకలు తెప్పించి, ఏరి, నిలువునా చీల్చి, కత్తిరించి డబ్బాలో పెట్టేవాడు. ఆ ఏరే పని ఇంకొకరి చేతికి ఇచ్చేవాడు కాదు. శిష్యులు చేసేదల్లా డబ్బాలోంచి తీసుకుని, బాణానికి మూడు చొప్పున అంటించుకోవడమే.

వకుళ పాలకేంద్రంలో పనిచేస్తుంది. హైస్కూలు రోజుల నుంచీ ఆయన శిష్యురాలే. కిందటేడు రాష్ట్ర జట్టులో చోటు వెంట్రుకవాసిలో తప్పిపోయింది. ఆ దిగులుతో ఆదివారాలు ఏలూరు వెళ్ళి, ఇమ్మానియేలు గారనే కోచ్ దగ్గర కూడా నేర్చుకోసాగింది. దొంగచాటుగా కాదు, మాస్టారితో చెప్పే వెళ్ళింది. ఆయన "వెళ్ళు" అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు కాబట్టి ఆమెకు రాత్రిళ్ళు నిద్ర పట్టలేదు.

మాస్టారు నారిని పెదవి మూల దాకా లాగి, ఊపిరి బిగబట్టి, కాసేపు ఆగి వదలమంటాడు. ఇమ్మానియేలు గారు దవడ ఎముకకు చెయ్యి తగిలిందో లేదో వదిలెయ్యమంటారు, ఆగితే మనసు అల్లరి చేస్తుందంటారు. ఇద్దరి పద్ధతిలోనూ గెలిచినవాళ్ళున్నారు. వకుళకు కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టయింది. నిజానికి ఆ ఇద్దరికీ ఏ కోపమూ లేదు, కోపాలన్నీ ఈమె ఊహించుకున్నవే. అందుకని దూరపు గురికి ఒకరి పద్ధతి, దగ్గర గురికి ఇంకొకరి పద్ధతి అని పంచుకుంది. అక్కడితో ఆగినా బాగుండేది. ఏలూరు కోచ్ ఒక ప్యాకెట్టు ఎర్ర ఈకలిస్తే, సెలెక్షన్ల కోసం చేసుకున్న కొత్త బాణాల్లో ప్రతిదానికీ మాస్టారి డబ్బాలోని గోధుమరంగు ఈకలు రెండు, ఆ ఎర్ర ఈక ఒకటి అంటించింది. అలా ఒక్కో బాణం మీద గురువులిద్దరినీ కూర్చోబెట్టానని లోపల్లోపల మురిసిపోయింది కూడా.

ఎల్లుండే ఏలూరులో సెలెక్షన్లు. చెక్క విల్లు విభాగంలో జిల్లా నుంచి ఒక్కరినే తీసుకుంటారు. బాణాలు చూస్తే తలోదారీ పడుతున్నాయి. భయం వల్లే గురి తప్పుతోందని ఆమె అనుకుంది. ఆ భయంతోనే వచ్చి ఆ ప్రశ్న అడిగింది.

ఇలాంటి చోట మనలో ఎవరమైనా రెండు పడవల సామెత చెప్పి ఊరుకుంటాం. మాస్టారు సామెతలు వాడడు. బాణాల పొది వంక ఓసారి చూసి, "వెయ్యి," అన్నాడు.

వకుళ వేసింది. బాణం తోక ఊపుకుంటూ, కల్లు తాగినవాడు గట్టు మీద నడిచినట్టు పోయి గురి అంచున గుచ్చుకుంది. ఇంకొకటి వెయ్యమన్నాడు. అది గురి తగిలించిన గడ్డి చుట్ట దాటి, వెనకున్న మట్టి దిబ్బలో పడింది. మాస్టారు వెళ్ళి ఆ బాణం పెరుక్కొచ్చి, ఆమెను కళ్ళు మూసుకోమని, గోధుమ ఈక మీద వేలు పెట్టించాడు.

"ఇదెటు వంగింది?"

"ఇటండీ."

వేలు ఎర్ర ఈక మీదికి జరిపాడు. "మరిది?"

వకుళ కళ్ళు తెరిచింది. ఎర్ర ఈక రెండోవైపుకు వంగి ఉంది. ఇన్నేళ్ళూ మాస్టారి డబ్బాలో పక్షి ఎడమ రెక్క ఈకలే ఉండేవన్న సంగతి ఆమెకు అప్పుడు తెలిసింది. ఏలూరు ప్యాకెట్టులోవి కుడి రెక్కవి. ఒకే రెక్క ఈకలున్న బాణం గాలిలో గిరగిరా తిరుగుతూ పోతుంది, ఆ తిరగడం వల్లే సూటిగా పోతుంది. రెండు ఈకలు ఒకవైపుకూ మూడోది ఇంకోవైపుకూ తోస్తుంటే అదేం చేస్తుంది పాపం! పైగా ఇంత సన్నటి, తేలికైన బాణం.

"ఏది మంచిదండీ, ఎడమదా కుడిదా?" అంది బిక్కమొహం వేసుకుని.

"మా గురువు డబ్బాలో ఎడమవి ఉండేవి," అన్నాడు మాస్టారు.

తర్వాత ఆమెను మట్టి దిబ్బకు నాలుగడుగుల దగ్గరగా నిలబెట్టాడు. అక్కడ గురి లేదు, గుర్తు లేదు, గుడ్డివాడికి కూడా తప్పని దూరం. కళ్ళు మూసుకుని, ఏమీ ఆలోచించకుండా, ఆపమనేదాకా బాణాలు వేస్తూ పొమ్మన్నాడు. వకుళ వేసింది. పొది ఖాళీ అయితే మాస్టారే పెరికి మళ్ళీ నింపాడు. ఆయన బాణాల వంక చూడడం లేదు, ఆమె కుడిచేతి వంకే చూస్తున్నాడు. కొంతసేపటికి, నారి లాగి ఉండగానే, "అలాగే ఉండు. కళ్ళు తెరువు," అన్నాడు.

ఆమె చెయ్యి దవడ ఎముక దగ్గర ఉంది.

వకుళ సిగ్గుతో చచ్చిపోయింది. దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు చెయ్యి చటుక్కున పెదవి మూలకు జరుపుకోబోయింది. "వద్దు. దించెయ్యి," అన్నాడు మాస్టారు. గొంతులో కోపమూ లేదు, బాధా లేదు. ఉంటే ఆమెకు కొంత సుఖంగా ఉండేది.

ఆయన అరుగు మీద కూర్చుని బాణాలన్నీ దగ్గరికి లాక్కున్నాడు. బ్లేడుతో ఈకలు గీకేశాడు, గోధుమవీ ఎర్రవీ అన్నీ. ఈకలంటించే చెక్క చట్రం తెచ్చుకున్నాడు. బాణాన్ని అందులో నిలబెట్టి, ఈకను కాస్త వాలుగా పట్టి అంటిస్తారు. ఆ వాలు ఎడమ రెక్కకు ఒకవైపు, కుడి రెక్కకు ఇంకోవైపు. చట్రం మర మీద ఏనాటివో జిగురు చుక్కలు గట్టిపడి ఉన్నాయి. దాన్ని తిప్పే అవసరం ఆయనకు ఎన్నడూ రాలేదు. ఇప్పుడు స్క్రూడ్రైవరు పెట్టి, రాయితో నాలుగు దెబ్బలు కొట్టి మర వదులు చేసి, వాలును అటునుంచి ఇటు మార్చి బిగించాడు.

వకుళ గోధుమ ఈకల డబ్బా అందించింది. ఆయన దాన్ని పక్కన పెట్టి ఎర్ర ప్యాకెట్టు కోసం చెయ్యి చాపాడు.

"మాస్టారూ, అవి ఏలూరువండీ."

"కనపడుతోంది," అన్నాడు ఆయన.

వద్దండీ, మీవే అంటించండి, నేను మళ్ళీ మీలాగే వదులుతాను అనాలనుకుంటూనే ప్యాకెట్టు ఆయన చేతిలో పెట్టేసింది. నిజం చెప్పాలంటే, గుండెల మీద బరువేదో దిగినట్టు కూడా అనిపించింది. అలా అనిపించినందుకే ఎక్కువ ఏడుపొచ్చింది. ఆయన మాత్రం ఒక్కో ఈక మొదలునూ గరుకు కాగితం మీద రుద్ది పల్చన చేస్తూ, సన్నటి బాణం మీద అది ఒంపు తిరిగి కూర్చునేదాకా చట్రంలో నొక్కిపట్టి, తన సొంత బాణాలకు చేసుకున్నంత ఓపికగా పని ముగించాడు. చివరి బాణం ఆమె చేతికిచ్చి, "సెలెక్షన్లయ్యేదాకా పెదవి దాకా లాగకు," అని లోపలికి వెళ్ళిపోయాడు.

సెలెక్షన్లలో వకుళకు ఆ ఒక్క చోటూ దక్కింది. కిందటేడు ఆమెను వెనక్కి నెట్టిన చింతలపూడి అమ్మాయి ఈసారి రెండో స్థానంలో ఆగిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. మైకులో "ఇమ్మానియేలు గారి శిష్యురాలు" అని చెప్పారు. ఆయనకు పాపం పుణ్యం తెలియదు, వరసలో ముందు నిలబడి సంతోషంగా చేతులూపారు. వకుళ నోరు తెరిచి ఆ మాట సరిదిద్దే లోపలే ఇంకో పేరు పిలిచారు.

బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా ఆమె బేరన్ల వెనక్కి వచ్చింది. మాస్టారు అరుగు మీద ఎవరివో కొత్త బాణాలు ముందేసుకుని గోధుమ ఈకలు అంటిస్తున్నాడు. చట్రం వాలు మళ్ళీ పాతవైపుకు మారి ఉంది.

"వచ్చిందండీ మాస్టారూ," అంది.

"ఊఁ," అన్నాడు. ఆయన మొహంలో వెలుగు కనిపించింది గానీ చెయ్యి ఆగలేదు.

వకుళ ఇక ఉండబట్టలేకపోయింది. "మైకులో మీ పేరు చెప్పలేదండీ! నన్ను ఆయన శిష్యురాలన్నారండీ. నాకేం బాగాలేదండీ, ఇన్నేళ్ళు నేర్పింది మీరైతే..." అంటూ కళ్ళు తుడుచుకుంది.

మాస్టారు చట్రంలో ఈకను నొక్కిపట్టి, జిగురు ఆరేదాకా ఆగాడు.

"బాణం తిరిగిందా?" అనడిగాడు.

"తిరిగిందండీ."

"ఎటువైపు?"

వకుళ ఆలోచించింది. బాణం వదిలాక ఆమె కళ్ళు గురి మీదే ఉన్నాయి. "చూడలేదండీ," అంది.

మాస్టారు మరో ఈక అందుకుంటూ, "నేనూ ఎప్పుడూ చూడలేదమ్మాయ్," అన్నాడు.