ఏరు దాటిన బీరవ్వ

అనగనగా ఒక ఏరు. ఆ ఏటికి రెండు ఒడ్లు. ఒడ్డుకొక రాజ్యం.

ఇవతలి ఒడ్డు పొన్నవాడ. అక్కడ చెరువులు, వరిచేలు, మోకాలెత్తు గడ్డి. అవతలి ఒడ్డు ఎర్రగట్లు. అక్కడ వాన కురిస్తే జొన్న, కురవకపోతే దుమ్ము.

పొన్నవాడలో ఒక ఆజ్ఞ ఉండేది. "అవతలి ఒడ్డున పుట్టినవారు ఇవతలి గడ్డపై కాలు మోపరాదు. మోపినవారిని వెంటనే వెనక్కి పంపవలెను." రాజుగారి తాత కాలంలో ఏరు దాటి దోపిడీ మూకలు వచ్చేవి. అప్పుడు వేయించిన చాటింపు అది. మూకలు పోయాయి. వాటిని చూసినవాళ్లూ పోయారు. చాటింపు మాత్రం ఉండిపోయింది.

ఎర్రగట్లలో బీరవ్వ అనే గొర్రెల కాపరి ఉండేది. భర్త పోయినప్పటి నుంచి మందను ఆమే కాసేది. ఆమెకు గంగి అనే కూతురు, చంకలో చంటివాడు.

ఒకసారి ఎర్రగట్లకు పెద్ద కరువు వచ్చింది. వాగులో చెలమ తవ్వితే మొదట నీళ్లు వచ్చాయి. తరువాత తడి ఇసుక వచ్చింది. ఆ తరువాత పొడి ఇసుక వచ్చింది. గొర్రెలు నిలబడలేక మోకాళ్ల మీద కూలబడుతున్నాయి. చంటివాడికి ఏడవడానికి కూడా ఓపిక లేకపోయింది.

అది చూసిన ఉదయమే బీరవ్వ మందను ఏటి వైపు తోలింది.

ఏరంతా ఇసుకే. పొన్నవాడ ఒడ్డును ఆనుకున్న ఒక్క పాయలోనే నడుము లోతు నీళ్లు, గడ్డి కూడా ఆ ఒడ్డునే. తల్లి కొంగు పట్టుకుని నడుస్తూ గంగి అడిగింది. "అమ్మా, దాటకూడదన్నారు కదా?"

"అన్నారు."

"మరి దాటుతున్నాం కదా?"

"దాటుతున్నాం."

"అయితే మనం దొంగలమా?"

బీరవ్వ నీళ్లలోనే ఆగిపోయింది. 

"దొంగ ఒకరిది తీసుకుని దాస్తాడు. మనం తిన్నదానికి పని చేస్తాం. ఏదీ దాచం. అడిగినవాళ్లకు ఉన్నది ఉన్నట్టు చెబుదాం. సరేనా?"

"సరే," అంది గంగి. తల్లి ఇచ్చిన మాటను ఆ పిల్ల గట్టిగా గుర్తుపెట్టుకుంది.

ఒడ్డెక్కగానే సుంకన్న అనే ముసలి చేపలవాడు ఎదురయ్యాడు.

"అవతలిదానివా అమ్మా? ఎవరడిగినా ఈ ఒడ్డున పుట్టానని చెప్పు. నేనూ అలా చెప్పే తెల్లజుట్టు తెచ్చుకున్నా."

"నీ మంచి మనసుకు దండం తాతా. ఈ పిల్ల నన్నే చూస్తోంది. నేనలా చెప్పలేను."

"చూడనీ. రేపు దానికీ ఈ తిప్పలే," అని నవ్వి దారి చూపించాడు సుంకన్న.

ఆ దారిలో నారప్ప అనే రైతు చేను ఉంది. నారప్ప మందను చూసి గట్టు మీద నుంచి పరుగున వచ్చాడు. గొర్రెల మంద ఒక్క రాత్రి చేలో పడుకుంటే చాలు, ఆ ఎరువుకు మరుసటి పంట ఏపుగా వస్తుంది. ఆజ్ఞ పెట్టిన నాటి నుంచి పొన్నవాడ చేలు మందల మొహం చూడలేదు.

"అక్కా, మా చేలో మంద కట్టు. నీకూ పిల్లలకూ కూడు నేను పెడతా," అన్నాడు.

బీరవ్వ మందను చేలో కట్టింది. చంటివాడు కడుపు నిండా పాలు తాగి, ఊరంతా వినబడేలా ఏడ్చాడు. ఆ ఏడుపు విని బీరవ్వకు ప్రాణం లేచి వచ్చింది.

మరునాడు గవరయ్య అనే సరిహద్దు కావలివాడు వచ్చాడు. "ఎవరీమె?"

నారప్ప తడుముకోకుండా, "మా చిన్నమ్మ కూతురు," అన్నాడు.

"కాదయ్యా," అంది బీరవ్వ. "నేను అవతలి ఒడ్డుదాన్ని. నిన్న ఏరు దాటి వచ్చాను."

నారప్ప తల కొట్టుకున్నాడు. గవరయ్య చంటివాడి వైపు చూశాడు. అతనూ పిల్లలున్నవాడే. దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"అమ్మా, మంద దారి తప్పి దాటిందని చెప్పు. దాన్ని వెతుక్కుంటూ వచ్చానను. రెండు రోజుల్లో వెళ్లిపోతానను. నేను ఇటు రాను. నువ్వు వెళ్లావో లేదో ఎవరూ చూడరు."

ఈసారి బీరవ్వ వెంటనే కాదనలేకపోయింది. వెనక్కి పంపితే చంటివాడు బతకడు. చిన్న మాట. పెదవి మీదకు వచ్చేసింది. పక్కన గంగి తల ఎత్తి చూస్తోంది.

"మంద దారి తప్పలేదయ్యా," అంది చివరికి. "నేనే తోలుకొచ్చాను."

గవరయ్య నిట్టూర్చి, అందరినీ వెంటబెట్టుకుని రాజుగారి కొలువుకు తీసుకువెళ్లాడు. జరిగినదంతా విన్నవించాడు.

రాజు జయధ్వజుడు అడిగాడు. "ఆజ్ఞ తెలుసా?"

"తెలుసు ప్రభూ."

"తెలిసీ దాటావా?"

"తెలిసే దాటాను. దాటకపోతే ఈ బిడ్డ ఉండేవాడు కాదు. ఆజ్ఞ పెట్టినవారికి ఈ బిడ్డ సంగతి తెలియదు. నాకు తెలుసు."

మంత్రి కల్పించుకున్నాడు. "ప్రభూ, ఈమెను ఉండనిస్తే రేపు ఊళ్లకు ఊళ్లు దిగుతాయి."

"రావచ్చు అయ్యా," అంది బీరవ్వ. "నీళ్లు లేనిచోట ఎవరుంటారు? వాన పడితే చాలామంది తిరిగి పోతారు. మా గట్ల మీద గాలి ఇక్కడ లేదు."

"ఇక్కడి గాలికేం తక్కువ?" అన్నాడు మంత్రి.

"తక్కువేం లేదయ్యా. దోమలు ఎక్కువ."

కొలువంతా నవ్వింది. రాజు మాత్రం ఆలోచనలో పడ్డాడు. గవరయ్య వైపు తిరిగాడు.

"ఈ ఏడాది ఎందరిని పట్టుకున్నావు?"

"ఈమె ఒక్కర్తినే ప్రభూ."

"అంటే దాటినది ఈమె ఒక్కతేనా?"

గవరయ్య తల దించుకున్నాడు. "ఎందరో దాటారు ప్రభూ. అడిగితే ఇక్కడివాళ్లమే అన్నారు. మన చెరువు కట్ట పోసింది వాళ్లే. మన కోతలు కోసింది వాళ్లే. పేర్లు మాత్రం అడగకండి. చెప్పలేను."

 రాజు నెమ్మదిగా అన్నాడు.

"దొంగలను ఆపడానికి మా తాతగారు ఈ ఆజ్ఞ పెట్టారు. ఇప్పుడిది అబద్ధం చెప్పిన అందరినీ ఉండనిస్తోంది. నిజం చెప్పిన ఒక్కదాన్ని బయటికి నెడుతోంది. బిడ్డను బతికించుకోవాలంటే ఆ బిడ్డ ఎదుటే తల్లి అబద్ధమాడాలంటోంది. ఇది నా ప్రజలను కాపాడే ఆజ్ఞ కాదు."

ఆ రోజే కొత్త చాటింపు వేయించాడు. "ఆకలికో, దప్పికకో, ప్రాణభయానికో ఏరు దాటి వచ్చినవారు రేవులోనే పేరు, ఊరు, వచ్చిన కారణం చెప్పవలెను. నిజం చెప్పినవారిని వెనక్కి పంపరాదు."

"మరి పాత ఆజ్ఞ దాటినందుకు శిక్ష?" అన్నాడు మంత్రి.

"వేయండి ప్రభూ, పడతాను," అంది బీరవ్వ.

"ఈ వేసవి అంతా నీ మందను పేద రైతుల చేలలో ఊరికే కట్టాలి. అదే శిక్ష."

వెనక నుంచి నారప్ప చేతులు జోడించాడు. "ప్రభూ, ఆ శిక్ష మా చేలోనే మొదలుపెట్టించండి."

"ఆమెను చిన్నమ్మ కూతురన్నది నువ్వే కదా? నీ చేను ఆఖరున," అన్నాడు రాజు.

ఆ కరువులో ఎర్రగట్ల నుంచి చాలామంది వచ్చారు. రేవులో నిలబడి నిజం చెప్పారు. మరుసటి ఏడు వానలు పడ్డాయి. కొందరు తిరిగి వెళ్లారు, కొందరు ఉండిపోయారు. పొన్నవాడలో వరి కంకులు బరువుకు వంగాయి.

బీరవ్వ వానలకు గట్ల మీదికి, ఎండలకు చేలలోకి తిరుగుతూ ఉండేది. రేవులో గవరయ్య అడగకముందే గంగి గట్టిగా చెప్పేది. "నా పేరు గంగి. మాది ఎర్రగట్లు. నీళ్ల కోసం వచ్చాం."

ప్రాణం నిలుపుకోవడానికి అన్యాయమైన ఆజ్ఞను దాటడం పాపం కాదు పిల్లలూ. దాటినా తల ఎత్తుకుని నిలబడాలంటే, నిజం మాత్రం చెప్పి తీరాలి.