బల్లి తెచ్చిన ముత్తాత

వరద తీశాక వాగు గట్టున తేనె రంగు రాయి ఒకటి బయటపడింది. నిజానికది రాయి కాదు. ఏ కాలంలోనో చెట్టు కార్చిన బంక గట్టిపడి అలా అయింది. లోపల ఒక చీమ. కాళ్లు, మీసాలు చెక్కుచెదరలేదు. దవడలు మాత్రం కొమ్ముల్లా పైకి తిరిగి ఉన్నాయి. అలాంటి జాతి చీమ ఇప్పుడు భూమ్మీద ఎక్కడా లేదు.

బల్లి దాన్ని దొర్లించుకుంటూ చీమల పుట్ట ముందుకు తెచ్చింది.

"మీ ముత్తాతగారు," అంది. "నాతోనే మాట్లాడతారు. రోజూ కొన్ని గుడ్లు సమర్పించుకోకపోతే మీ వంశం కూడా ఆయన వంశంలాగే అంతరించిపోతుందట."

బల్లి పలికితే మనుషులే ఆగి నిజమంటారు. ఇక చీమలెంత?

పుట్టలో గుడ్లు సాకే పని వెంకాయమ్మ అనే ముసలి చీమది. ఒకరోజు చూస్తే గుడ్ల గది సగం ఖాళీ. పరుగున బయటికొచ్చి చూసింది. పుట్టంతా రాయి ముందు సాగిలపడి ఉంది. పక్కన బల్లి పొట్ట నున్నగా మెరుస్తోంది. ఇప్పుడు దాన్ని దొంగంటే తననే తరిమేస్తారు.

"బల్లిగారూ, ముత్తాతగారు నోరు మెదపరు కదా, గుడ్లు ఎలా తింటారు?"

"నేను తింటే ఆయనకు చేరుతుంది, అవ్వా."

"మరి ఆయన మాట మీరు కాదనరుగా?"

"ఎంత మాట! ఆయన ఆజ్ఞ శిరసావహిస్తాను."

వెంకాయమ్మ రాయికి మీసాలు ఆనించింది. చాలాసేపు విని తలూపింది.

"రక్తసంబంధం కదా, నాతోనూ పలికారు. లోపల ఒంటరిగా విసుగొస్తోందట. ఈ బల్లిగారిని కూడా తనలాగే బంకలో ఉంచమన్నారు. తుమ్మచెట్టుకి బంక కారుతోందట, ఆలస్యం చెయ్యొద్దన్నారు."

చీమలు భక్తిగా బల్లిని చుట్టుముట్టి పైకెత్తాయి.

"ఎంత అదృష్టవంతులండీ మీరు!" అంది ఒక చీమ, కళ్లు తుడుచుకుంటూ.

బల్లి మొదట నవ్వింది. తుమ్మ మొదట్లో బంక కాలికి అంటుకోగానే కేక పెట్టింది. "ఆగండ్రా! అది చచ్చిన చీమ! చచ్చిన చీమ ఎక్కడైనా మాట్లాడుతుందా?"

చీమలు ఆగాయి.

"మాట్లాడదా?"

"మాట్లాడదు!"

"మరి గుడ్లు అడిగిందెవరు?"

బల్లి తన తోకను చీమల పట్టులోనే వదిలేసి పారిపోయింది.

చీమలు ఆ తోకను విందుకని పుట్టలోకి మోసుకెళ్లాయి. వెంకాయమ్మ మాత్రం భోజనానికి రాలేదు. మిగిలిన గుడ్లను దగ్గరికి చేర్చుకుని, వాటి పక్కనే పడుకుంది.

చచ్చినవాళ్ల పేరు చెప్పి ఎవరేం అడిగినా, అది ఎవరి నోట్లోకి పోతోందో ముందు చూసుకోవాలి.