కుళాయి కింద బియ్యం

దమయంతి గారిని ఏదైనా అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. ఆమె ఇంట్లో ఉండి, కంప్యూటరుకు షెల్‌లో, అంటే బొమ్మలు లేని నల్లతెర మీద, ఆజ్ఞలు రాయడం నేర్చుకునే శిష్యులందరికీ ఆ సంగతి తెలుసు. సుధన్వకీ తెలుసు. అయినా ఆ ఉదయం ఉత్సాహం ఆపుకోలేక అడిగాడు.

"మేడమ్, ఫైలు పేరు ఇవ్వాల్సిన చోట బ్రాకెట్లో ఆజ్ఞే పెట్టేస్తే, దాని ఫలితం నేరుగా ప్రోగ్రాంలోకి పారుతుంది కదా. ఇంక ఫైళ్లెందుకు?"

అతని చేతిలో పెద్ద పనే ఉంది. పల్లెపాటలు దాచిన డిస్కు పాతబడిందని పాటలన్నీ కొత్తదానిలోకి ఎక్కించారు. పాడినవాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. రెండు డిస్కుల్లోని పాటల పేర్లనూ సుధన్వ ఈ కొత్త పద్ధతిలోనే పోల్చాడు. ప్రోగ్రాం తేడా లేదంది. సాయంత్రానికి పాత డిస్కు తుడిచెయ్యాలి.

ఆవిడ తెర వంక ఓసారి చూసి, ఇవాళ వంట నీదే అన్నారు. అతను బిందెల్లో నీళ్లు పట్టబోతే వారించారు.

"కుళాయి పారుతూనే ఉందిగా. బిందెలెందుకు?"

తన మాట తనకే అప్పజెప్పారని నవ్వుకుని, సుధన్వ బియ్యం కుళాయి కిందే కడిగాడు. బిందె మోసే పని తప్పింది, హాయిగా ఉంది. పొయ్యి వెలిగించి, ఎసరుకి నీళ్లకని మళ్లీ వచ్చి తిప్పితే, కుళాయి గుర్రుమని ఊరుకుంది. నీళ్లొచ్చే వేళ దాటిపోయింది.

కడిగిన బియ్యంతో వెళ్లి ఆమె ముందు నిలబడ్డాడు. పక్కింటి నుంచి తెస్తానన్నాడు.

"తర్వాత తెద్దువుగాని. అన్నానికి నీళ్లు రెండుసార్లు కావాలని నీకు తెలుసు. నీ ప్రోగ్రాంకి ఎన్నిసార్లు కావాలో చూశావా?"

సుధన్వ గిన్నె దింపి, ఆ ప్రోగ్రాం విప్పి చదివాడు. అది ముందు పేర్లన్నీ సక్రమంగా రాసి ఉన్నాయో లేదో చూస్తుంది. ఆ తర్వాత మళ్లీ మొదటి నుంచి చదివి పోలుస్తుంది. బ్రాకెట్లోంచి పారేది ఒక్కసారే పారుతుంది, రెండోసారికి ఏమీ మిగల్లేదు. ఏమీ లేనిదాన్ని ఏమీ లేనిదానితో పోల్చి, తేడా లేదని చెప్పింది.

పేర్లను రెండు ఫైళ్లలో పెట్టి మళ్లీ నడిపాడు. కొత్త డిస్కుకి చేరని పాటలు ఒక్కొక్కటే తెర మీదికి దిగాయి. అన్నిటికన్నా ముందు, నిరుడు కన్నుమూసిన పోలమ్మ పాడిన నాట్ల పాట. ఇక ఆ బ్రాకెట్ల జోలికే వెళ్లనన్నాడు.

"ఒక్కసారి చేతులు కడుక్కోవడానికి కూడా బిందె నింపుకుంటావా ఏం?" అన్నారు దమయంతి గారు. "పక్కింటికి వెళ్లు. పెద్ద బిందె పట్టుకెళ్లు."