గవరమ్మ నిప్పు

వినేవాళ్ళు వినండి, ఆవలించేవాళ్ళు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోండి. అనగనగా, ఏటి రాళ్ళింకా నునుపు తేలని కాలంలో, ఏటిగట్టువలస అని ఓ ఊరుండేది. ఆ ఊళ్ళో అందరూ మంచివాళ్ళే. అలాగని వాళ్ళే చెప్పుకునేవాళ్ళు.

ఊరి చివర గవరమ్మ అనే ముసలామె పిడకలు చేసుకుని బతికేది. నా అన్నవాళ్ళు లేరు. ఆమెకున్నదల్లా నివురు కింద ఆరని నిప్పు. అగ్గిపెట్టెలు లేని రోజులు. తెల్లారితే ఆడవాళ్ళు పిడక ముక్క పట్టుకొచ్చి ఆమె పొయ్యిలో అంటించుకుపోయేవాళ్ళు. ఊరి పొయ్యిలన్నిట్లో మండేది ఆమె నిప్పే. అన్నం ఉడికాక నిప్పునెవరు తలుచుకుంటారు?

ఆ ఊరికో కట్టుబాటు ఉంది, కట్టు అనేవాళ్ళు. ఎప్పుడో ఒకడు పగబట్టి గడ్డివాములు తగలబెట్టాడు. వాడికెవరూ నిప్పు ఇవ్వొద్దని అప్పటి దొర చాటించాడు. సబబైన మాటే. దొర పోయాడు, వాడూ పోయాడు, కట్టు మాత్రం పోలేదు. వెలివేసిన ఏ ఇంటికీ నిప్పు ఇవ్వకూడదన్నారు. ఇస్తే అమ్మవారికి కోపం వస్తుందన్నారు. మొదట అది దొర మాట. తర్వాత ఊరి మాట. ఆ తర్వాత అమ్మవారి మాట. అమ్మవారిని మాత్రం ఎవరూ అడగలేదు.

ఓ ముసురులో, ఊరి రైతు పోలయ్య వంతు తప్పి తన మడికి నీళ్ళు పెట్టుకున్నాడు. ఊరిపెద్ద తవిటినాయుడు ఆ ఇంటిని వెలివేశాడు. నాయుడి మడికైతే వంతు లేదు. నీళ్ళే ఆయన మడి దగ్గర వంతు కోసం నిలబడేవి.

ఆ వానల్లోనే పోలయ్య పెళ్ళాం దాలమ్మకు ఆడపిల్ల పుట్టింది. పసిగుడ్డు చలికి నీలంగా మారుతోంది. కుంపటి రాజెయ్యడానికి నిప్పు లేదు. పోలయ్య వెళ్ళి గవరమ్మ గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏరా, గుంజలా పాతుకుపోయావ్? బిడ్డెలా ఉంది?"

"చల్లబడిపోతోందత్తా."

"మరి చెప్పవేం? మూగనోము పట్టావా?"

గవరమ్మ నిప్పు కణికలు కుండపెంకులో వేసుకుని, పైన చేట అడ్డం పెట్టి, వానలో తానే వెళ్ళింది. కాసేపటికి బిడ్డ ఏడ్చింది. ఆ ఏడుపు ఊరంతా విన్నది.

మర్నాడు నాయుడు ఆమెను చావడికి పిలిపించాడు.

"గవరమ్మా, కట్టు తెలీదా?"

"తెలుసు నాయుడుబాబూ. ఆ పిల్లకే తెలీదు. నిన్ననే పుట్టింది."

కొందరికి నవ్వొచ్చింది. నాయుడు అటు చూశాడు. నవ్వు ఆగింది.

గవరమ్మను వెలివేశారు. పోలయ్య వచ్చి నాయుడి కాళ్ళ మీద పడ్డాడు కాబట్టి అతనింటి వెలి ఎత్తేశారు. జనం నిప్పుకోసం నాయుడింటికి వెళ్ళడం మొదలుపెట్టారు. నాయుడింటికి నిప్పు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరూ ఆరా తీయలేదు.

వాన తగ్గలేదు. గవరమ్మ ఇంటికప్పు పొయ్యి మీదే కారింది. ఏనాడూ ఆరని నిప్పు ఆరింది. ఆమె పొడి పిడక ఒకటి కొంగులో చుట్టుకుని బయల్దేరింది.

మొదటి గుమ్మం నాయుడి కోడలిది. "నాదేముంది పిన్నీ, కట్టు కదా," అంది.

రెండో గుమ్మం పూజారి పెళ్ళానిది. "ఇచ్చేదాన్నే పిన్నీ, కట్టు కదా," అంది.

మూడో గుమ్మం దాలమ్మది. లోపల కుంపటి ఎర్రగా ఉంది. గవరమ్మ అడగలేదు, పిడక చూపించింది. దాలమ్మ బిడ్డ వైపు చూసింది, వీధి వైపు చూసింది.

"మళ్ళీ వెలివేస్తారత్తా. కట్టు కదా," అని ఏడుస్తూ తలుపేసింది.

తలుపు సందులోంచి కాస్త వెచ్చదనం వస్తోంది. గవరమ్మ అక్కడ కాసేపు నిలబడింది. "పిల్లకి గాలి తగలనీకు," అని తలుపుతో చెప్పి వెళ్ళిపోయింది.

వాన తెరిపిచ్చాక ఊరివాళ్ళు చూస్తే, గవరమ్మ తన పొయ్యి ముందు ముడుచుకుని ప్రాణం విడిచి ఉంది. పొయ్యిలో పిడకలు పొందిగ్గా పేర్చి ఉన్నాయి. నిప్పొక్కటే తక్కువ.

ఆమె చేసిన పిడకలతోనే చితి పేర్చి ఆమెను పడుకోబెట్టారు. అప్పుడు పడింది చిక్కు. వెలిలో పోయిన మనిషి చితికి నిప్పు ఇవ్వొచ్చా? మంచివాళ్ళంతా గడ్డాలు గోక్కుంటూ నిలబడ్డారు. అంతలో దాలమ్మ, చంకన బిడ్డతో, చేత్తో కుంపటి పట్టుకుని వచ్చింది.

"ఎక్కడికే?" అన్నాడు నాయుడు.

"ఇది ఈవిడ నిప్పే. నేనిస్తున్నది కాదు, తిరిగిస్తున్నది. ఆ రోజే ఇవ్వాల్సింది."

నాయుడు గొంతు సవరించుకున్నాడు. మాట రాలేదు. ఆయన ఊరికి చేసిన మేలు ఏదైనా ఉంటే అదే.

ఆ తర్వాత ముసురు పట్టినప్పుడల్లా దాలమ్మ తన గుమ్మం బయట, చూరు కింద, మూకుట్లో నిప్పు పెట్టేది. ఎవరు పట్టుకెళ్ళారని అడిగేది కాదు. మొదట అది దాలమ్మ పని. తర్వాత ఊరి అలవాటు. ఆ తర్వాత కట్టు.

ఇప్పటికీ అక్కడ వాన ముసురుకుంటే ప్రతి గుమ్మం బయటా మూకుడు పెడతారు. "గవరమ్మకి" అంటారు. అంటున్నప్పుడు ఎవరూ ఎవరి మొహమూ చూడరు. పెట్టడం మరిచిన ఇంటిని మాత్రం వెలివేస్తారు. ఆ ఇంటివాళ్ళు ఏ గుమ్మం ముందు నిప్పూ ముట్టుకోకూడదు.

అదేమిటని అడిగితే, కట్టు కదా, అంటారు.