మూత మళ్ళీ విప్పిన మెకానిక్కు

నర్సీపట్నం బస్టాండు వెనక షెడ్డు నడిపే సన్యాసిరావు పనిలో దిట్టే గాని, తాను ఒకసారి బిగించిన ఇంజనును మళ్ళీ విప్పాలంటే తల కొట్టేసినట్టు నామోషీ పడేవాడు. పని పూర్తికాగానే ఇంజను మూత మీద కుంకుమ బొట్టు పెట్టి, టైరు కింద నిమ్మకాయ తొక్కించేవాడు. బొట్టు పెట్టాక విప్పితే బండికి అచ్చిరాదని అందరికీ చెప్పేవాడు. అచ్చిరానిది బండికి కాదు, ఆయన గొప్పకి. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, ఆయనకు తప్ప.

ఒకసారి చింతపల్లి నుంచి బాలన్న తన జీపు తెచ్చాడు. కొండల మీది జనాన్ని, వాళ్ళ పసుపు బస్తాలను ఘాటు రోడ్డు దింపి, మళ్ళీ ఎక్కించే జీపది. ఎత్తు వస్తే చాలు, లాగలేక మూలుగుతోంది. సన్యాసిరావు విప్పి చూసి కామ్ షాఫ్ట్ అరిగిపోయిందని తేల్చాడు. ఇంజనులో వాల్వులను వేళకు తెరిచి మూసేది ఆ షాఫ్టే. కొత్తది ఆయన దగ్గరే ఉంది. కానీ దాన్ని తిప్పే టైమింగ్ గొలుసు కూడా సాగిపోయింది. గొలుసును బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ పని కూడా అయిపోయింది. అవి విశాఖ నుంచి రావాలి, అంటే మర్నాటి మాట. సన్యాసిరావేమో మధ్యాహ్నానికల్లా బండి ఇచ్చేస్తానని నలుగురి ముందు అనేశాడు. అన్న మాట నిలబెట్టుకోవాలని కొత్త షాఫ్టుకు పాత గొలుసే తగిలించి, మూత బిగించి, బొట్టు పెట్టేశాడు.

బండి స్టార్ట్ చేయగానే లోపల గలగలమంది. కాసేపటికి తగ్గింది.

బాలన్న చెవి ఒగ్గి విన్నాడు. "ఏటన్నా, గొలుసు సప్పుడులాగ ఉంది?" అన్నాడు.

"కొత్త షాఫ్టంటే కొత్త కోడలే. అత్తింట్లో కుదురుకోడానికి కాస్త టైము పడతాది" అన్నాడు సన్యాసిరావు.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. బాలన్న కూడా నవ్వి, మార్కెట్టు దగ్గర ఎదురుచూస్తున్న జనాన్ని ఎక్కించుకుని బయలుదేరాడు.

సన్యాసిరావు అన్నం ముందు కూర్చున్నాడు. ఆ చప్పుడు ఏమిటో ఆయనకు బాగా తెలుసు. నిండు బరువుతో ఘాటెక్కేటప్పుడు ఆ వదులు గొలుసు జారిందంటే వాల్వులు పోయి పిస్టన్లకు తగులుతాయి. ఇంజను ఉన్నచోటే ఆగిపోతుంది. ఇంజను సాయం అందక బ్రేకు పెడలు రాయిలా బిగుసుకుంటుంది. వెనక లోయ, జీపు నిండా పిల్లాతల్లులు. ఈ ఒక్క ట్రిప్పుకి ఏమీ కాదులే అని మనసు సర్దిచెప్పింది. ఇప్పుడు వెళ్ళి ఆపితే ఊరంతా నవ్వుతుందని భయపెట్టింది కూడా. "నవ్వనీ" అని పైకే అని, ఆయన చెయ్యి కడుక్కుని మోటారు సైకిలు తీశాడు.

ఘాటు మొదట్లో డ్రైవర్లు ఆగి టీ తాగే చోట జీపు కనిపించింది. బాలన్న అప్పుడే సీటెక్కుతున్నాడు. సన్యాసిరావు చెయ్యి పెట్టి తాళం తీసి జేబులో వేసుకున్నాడు.

"బాలన్నా, ఈ బండి ఘాటెక్కకూడదు. పాత గొలుసే వేసి మూసేశాను. తెలిసే వేశాను. తప్పు నాది" అన్నాడు.

బాలన్న మొహం ఎర్రబడింది.

"నా మనవరాలు కూడా ఇందులోనే ఉందన్నా" అన్నాడు.

అంతకు మించిన తిట్టు అక్కర్లేకపోయింది. సన్యాసిరావు సిగ్గుతో తల దించుకున్నాడు, తాళం మాత్రం ఇవ్వలేదు. జనాన్ని బస్సెక్కించి, జీపును తాడు కట్టించి షెడ్డుకు తెచ్చాడు.

మర్నాడు సామాను వచ్చింది. పనీపాటా లేనివాళ్ళంతా షెడ్డు ముందు చేరారు. బొట్టు పెట్టిన బండి మళ్ళీ వచ్చిందేమిటని ఒకడు ఎత్తిపొడిచాడు. సన్యాసిరావు గుడ్డతో బొట్టు తుడిచి మూత విప్పాడు. గొలుసు వదులుగా వేలాడుతోంది. అది రాసుకుంటూ పోయే పట్టీ నిలువునా చీలి ఉంది. దాన్ని చూశాక ఎత్తిపొడిచినవాడు నోరు మూసుకున్నాడు. సన్యాసిరావు గొలుసు, టెన్షనర్, పట్టీలు, పళ్ళ చక్రాలు, అన్నీ కొత్తవి వేశాడు. చక్రాల మీద గుర్తుకు గుర్తు కలిపి, ఇంజనును చేత్తో తిప్పి చూశాడు. గుర్తులు కలిసినా మనసు ఒప్పక మళ్ళీ తిప్పి చూశాడు. ఈసారి స్టార్ట్ చేస్తే గలగల లేదు.

బాలన్న మాత్రం జీపు చుట్టూ తిరుగుతున్నాడే గాని ఎక్కలేదు.

"నిన్న కూడా బాగుందనే సెప్పినావు" అన్నాడు.

సన్యాసిరావు వచ్చి జీపు ముందు సీట్లో కూర్చున్నాడు.

"వెనక బస్తాలు నిండుగా ఎక్కించు. నేను నీ పక్కనే ఉండి ఘాటెక్కుతాను" అన్నాడు.

బాలన్న బస్తాలు ఎక్కించాడు. జీపు ఎక్కడా తడబడకుండా మలుపులన్నీ ఎక్కింది. కొండ మీదికి చేరేదాకా సన్యాసిరావు చెవి ఇంజను మీదే ఉంది. పైన బాలన్న బండి ఆపాడు.

"రేపు నా మనవరాలిని ఇందులోనే తీసుకొస్తానన్నా" అన్నాడు.

సన్యాసిరావుకు కళ్ళు చెమర్చాయి.

నీతి: చేసిన పనిలో తప్పుందని తెలిసి మళ్ళీ విప్పడం నామోషీ కాదు, తెలిసి కూడా మూత పెట్టి ఊరుకోవడమే నామోషీ.