ముళ్ళతాత మింగేసిన మాట

అనగనగా రాళ్ళూ తుప్పలూ నిండిన ఒక అడవి. అందులో అందరికీ దూరంగా ఒక ముసలి ముళ్ళపంది ఉండేవాడు. అందరూ ముళ్ళతాత అనేవాళ్ళు. గోల చెయ్యకుండా వినండి, ఒక్కసారే చెబుతాను.

ముళ్ళతాత ఇల్లు తన పని తానే చేసుకునేది. వాన పడితే బయట వేలాడే సొరకాయ బుర్ర నిండి కిందికి దిగేది. ఆ బరువు దానికి కట్టిన తీగను లాగితే రాతి పలక జారి గుమ్మం మూసుకునేది. వాన వెలిశాక బుర్ర అడుగున ఉన్న సన్నటి కంతలోంచి నీళ్ళు కారిపోయేవి, తలుపు మళ్ళీ తెరుచుకునేది. గడప మీద ఎవరైనా కాలు పెడితే ఎండుకాయల గుత్తి గలగల మోగేది.

మోగేది అంటున్నాను గానీ, ఎవరైనా వచ్చి అది మోగి చాలా కాలమైంది. పాడైందేమోనని తాతే అప్పుడప్పుడు గడప తొక్కి చూసుకునేవాడు. గలగలమనేది. "బాగానే ఉంది" అనుకుని లోపలికి పోయేవాడు.

ఒకరోజు అది మోగింది. తాత గబగబా బయటికి వచ్చాడు. వచ్చింది కుందేలు.

"తాతా, పిల్లల్ని కన్నాను. నేను మేతకు పోయినప్పుడు వాన నీళ్ళు బొరియలోకి వస్తున్నాయి. నీ తలుపులాంటిది నాకూ నేర్పవా? నాకేమీ రాదు."

తాతకు సంతోషమే వేసింది. కానీ పోయిన వేసవిలో ఇదే కుందేలు నలుగురిలో "అదిగో, నడిచే చీపురుకట్ట!" అని నవ్వింది. ఆ నవ్వు ఇంకా తాత చెవిలోనే ఉంది.

"చీపురుకట్ట దగ్గర చదువేమిటమ్మా నీకు?"

కుందేలు చెవులు వాల్చింది. "తప్పయింది తాతా. నోరు జారాను."

"సరే విను. ఇంటికి పని పురమాయించాలంటే మూడు మాటలు చెప్పాలి. ఎప్పుడు? వాన పడినప్పుడు. ఏం చెయ్యాలి? తలుపు మూయాలి." అక్కడ ఆగాడు.

"మూడోది తాతా?"

మూడోది 'ఎప్పటిదాకా'. బుర్రకు కంత ఎందుకో ఆ మాటలోనే ఉంది. అది నోటిదాకా వచ్చింది. మింగేశాడు.

"తెలివైనదానివిగా, ఆలోచించుకో. తోచకపోతే మళ్ళీ రా, చూద్దాం."

మళ్ళీ వస్తుందని తాత ఆశ. కుందేలు రాలేదు. తాత గుమ్మం దగ్గర చూసిన బుర్రా తీగల్లాంటివే తెచ్చి, తనకు తెలిసినంతలో తలుపు కట్టుకుంది. బుర్రకు కంత పెట్టలేదు.

వాన వచ్చింది. తలుపు మూసుకుంది. పిల్లలు లోపల, తల్లి బయట. వాన వెలిసింది. తలుపు తెరుచుకోలేదు. లోపల పిల్లలకు ఊపిరాడటం లేదు. కుందేలు ఏడుస్తూ సాయం కోసం పరుగెత్తింది. ఆ ఏడుపు విని తాత లేచి నిలబడ్డాడు. కుందేలు తాత గుమ్మం ముందు నుంచే పోయింది. ఆగలేదు. గుత్తి మోగలేదు.

కుందేలు పిలిస్తే ఒక పందికొక్కు వచ్చి పైనుంచి తవ్వింది. పిల్లలు దక్కారు గానీ బొరియంతా కూలిపోయింది. తాత రొప్పుకుంటూ చేరేసరికి కుందేలు బురదలో కూర్చుని పిల్లల్ని నాకుతోంది.

"పిచ్చిదానా, నన్ను పిలిస్తే ఏం పోయేది? బుర్ర వంచి నీళ్ళు పారబోస్తే తలుపు తెరుచుకునేదే!"

"ఆ మాట అడిగిన రోజే చెప్పుంటే నా ఇల్లు ఉండేది తాతా."

కుందేలు పిల్లల్ని తీసుకుని కొండ అవతలికి వెళ్ళిపోయింది.

"ఎప్పటిదాకా... అదమ్మా మూడో మాట" అన్నాడు తాత. వినేవాళ్ళు లేరు.

ఇంటికొచ్చి గడప తొక్కాడు. గలగల మోగింది.

"బాగానే ఉంది" అన్నాడు. ఈసారి లోపలికి పోలేదు. కొండవైపు చూస్తూ నిలబడ్డాడు.

నీతి: నేర్చుకుందామని వచ్చినవాళ్ళకు కోపం కొద్దీ సగమే చెబితే వాళ్ళ ఇల్లూ నిలవదు, మన గడపా ఎవరూ తొక్కరు.